చైనా 054ఏ ఫ్రిగేట్: నాలుగూ డీజిళ్లే ఎందుకు? 27 నాట్లు సరిపోతాయా?

మీరు అడిగింది ఇదీ: చైనా 054ఏ ఫ్రిగేట్‌లో (మధ్యస్థాయి యుద్ధనౌకలో) గ్యాస్ టర్బైన్ (జెట్ విమానాల్లోలాంటి ఇంజన్) ఒక్కటీ లేదు, నాలుగూ డీజిల్ ఇంజన్లే, వేగం 27 నాట్లు (వరినాట్లు కాదులెండి, గంటకి 50 కిలోమీటర్లు) దాటదు. అలాంటి ఓడను నలభైకి పైగా ఎందుకు కట్టారు? విశాఖలో ఉండే మన ఓడల పక్కన పెడితే ఎంతవరకు నిలుస్తుంది? ఫొటో చూసి ఏది పాతదో ఏది కొత్తదో ఎలా చెప్పాలి?

సూటిగా చెప్పాలంటే, ఆ ఓడను పరుగు కోసం కట్టలేదు, ఊరికి దూరంగా నెలల తరబడి తిరగడానికి కట్టారు. ఆ పనికి నాలుగు డీజిళ్లు సరైన ఎంపికే. డీజిల్ వల్ల నష్టపోయింది వేగంలో కాదు, చప్పుడులో. అసలు బలహీనతేమో ఇంజన్ రూములో లేదు, క్షిపణికి దారి చూపే పద్ధతిలో ఉంది. దాని సంగతి కింద చెప్తాను.

ముందు కొలతలు. పొడవు సుమారు 134 మీటర్లు, వెడల్పు 16, పూర్తి బరువుతో దాదాపు 4,000 టన్నులు, సిబ్బంది సుమారు 165 మంది. దీనికి ముందు 054 పేరుతో రెండే రెండు ఓడలు వచ్చాయి: మాన్‌షాన్ (525), వెన్‌జౌ (526). ఆకారమంతా వాటిదే, ఆయుధాలు మాత్రం పాతవి. వాటి మీద చేతికందిన పాఠాలతో 054ఏ గీశారు. మొదటి రెండూ 2006లో నీళ్లలోకి దిగి 2008 జనవరిలో సేవలో చేరాయి. షూజౌ (530) గ్వాంగ్‌జౌలోని హువాంగ్‌పూ యార్డులో, ఝౌషాన్ (529) షాంఘైలోని హూడాంగ్ ఝాంగ్‌హువా యార్డులో తయారయ్యాయి. ఆ తర్వాత రెండు యార్డులూ సమాంతరంగా కట్టుకుంటూ పోయాయి. 2019 నాటికి 30 అయ్యాయి. అంతటితో ఆపేస్తారనుకుంటే, కొన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టారు.

ఇంజన్ల సంగతికొద్దాం. అవి ఫ్రాన్స్‌కు చెందిన పీల్‌స్టిక్ పీఏ6 రకం. లైసెన్సు మీద చైనాలోనే షాన్‌షీ డీజిల్ ఫ్యాక్టరీలో తయారవుతాయి. 16 సిలిండర్లు, సిలిండర్ లోపలి వ్యాసం 280 మిల్లీమీటర్లు. ప్రచురిత లెక్కల ప్రకారం ఒక్కోటి సుమారు 5,700 కిలోవాట్లు, అంటే నాలుగూ కలిపి 22,800. రెండు షాఫ్టులు (ప్రొపెల్లర్లను తిప్పే ఇరుసులు), ఒక్కో షాఫ్టుకి రెండేసి ఇంజన్లు.

ఓడకి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుందన్నది మోటు లెక్క. పై వేగాల్లో అలల అడ్డు వల్ల ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ లెక్కన 27 నాట్లకు 22,800 కిలోవాట్లు కావాలంటే, 18 నాట్లకు సుమారు 6,750 చాలు. మూడో వంతు వేగం తగ్గిస్తే శక్తి మూడో వంతుకన్నా కిందకి పడిపోతుంది. షాఫ్టుకి ఒక్కో ఇంజన్ చొప్పున రెండు నడిపితే, ఒక్కోటి 60 శాతం లోడు దగ్గర ఉంటుంది. డీజిల్‌కి అది హాయిగా ఊపిరి తీసుకునే చోటు. కిలోవాట్ గంటకి 200 గ్రాముల చొప్పున వేసుకుంటే రోజుకి 32 టన్నులు తాగుతుంది. జనరేటర్ల వాటా వేరు. అదే 27 నాట్లతో పరుగెత్తితే రోజుకి 109 టన్నులు. గ్యాస్ టర్బైన్ పూర్తి లోడులో డీజిల్‌కి కొంత దగ్గరగా వచ్చినా, పావు లోడుకి దిగితే కిలోవాట్‌కి తాగేది బాగా పెరుగుతుంది. కాపలా ఓడ జీవితంలో ఎక్కువ భాగం గడిచేది ఆ పావు లోడులోనే.

ఇంకో కారణం, నా అంచనాలో అసలు కారణం, సరఫరా. ఆ రోజుల్లో చైనా చేతిలో ఉన్న పెద్ద నౌకా టర్బైన్ యుక్రెయిన్ నుంచి వచ్చిన డీఏ80 రకమే. దాన్ని సొంతంగా తయారుచేసుకోవడం అప్పుడే నేర్చుకుంటున్నారు. ఉన్న కాసిని టర్బైన్లూ 052సీ లాంటి డిస్ట్రాయర్లకు (ఫ్రిగేట్లకన్నా పెద్ద యుద్ధనౌకలకు) పోయాయి. డీజిళ్లేమో ఇంట్లోనే ఎన్ని కావాలంటే అన్ని. చిన్న 056 కార్వెట్లలోనూ ఇదే పీఏ6 కుటుంబం. అంటే ఇంజెక్టర్ నుంచి పిస్టన్ రింగు దాకా విడిభాగాలు, వాటిని విప్పి బిగించే చేతులు, శిక్షణ పాఠాలు, అన్నీ వంద ఓడలకు ఉమ్మడి. టెస్టుబెంచి మీద మెరిసే అంకెలకన్నా నౌకాదళానికి ఇదే ఎక్కువ విలువ.

డీజిళ్లే కాబట్టి చవకబారు అనుకోకండి. విశాఖ కేంద్రంగా పనిచేసే ఐఎన్‌ఎస్ కమోర్తా తరగతిలోనూ నాలుగు డీజిళ్లే, అవీ పీఏ6లే, 12 సిలిండర్లవి. కిర్లోస్కర్ తయారీ. వేగం 25 నాట్లు. జలాంతర్గాములను వేటాడే ఓడకే మనవాళ్లు డీజిళ్లు పెట్టారు. మన శివాలిక్ తరగతి ఫ్రిగేట్లలో రెండు ఎల్‌ఎం2500 టర్బైన్లతో పాటు రెండు పీఏ6 డీజిళ్లున్నాయి. అక్కడ నెమ్మది ప్రయాణమంతా డీజిళ్ల మీదే, పరుగు టర్బైన్ల మీద, రెండూ కలిసి పనిచేయవు. అలా 32 నాట్లు వస్తాయి. ఇక 2025 ఆగస్టు 26న విశాఖలో సేవలోకి వచ్చిన ఉదయగిరి, హిమగిరి ఓడలకు టర్బైన్లున్నా, ప్రకటించిన వేగం 28 నాట్లే. కాబట్టి 27 అన్న అంకెను చూసి పెదవి విరవనక్కర్లేదు. విమాన వాహక నౌక 30 నాట్లతో పోతే మాత్రం 054ఏ గంటకి 3 నాటికల్ మైళ్లు (సుమారు 5.5 కిలోమీటర్లు) వెనకబడుతుంది. అయినా 2013 నవంబరులో చైనా విమాన వాహక నౌక లియావోనింగ్ మొదటిసారి దక్షిణ చైనా సముద్రానికి వెళ్లినప్పుడు వెంట ఉన్న రెండు ఫ్రిగేట్లూ (యాన్‌తాయ్, వేయ్‌ఫాంగ్) ఈ తరగతివే. వాహక నౌక రోజంతా 30 మీద ఉండదు కదా.

ఇప్పుడు ఇలాంటి ఇంజన్లతో వచ్చే తలనొప్పులు. చాలామంది రాసేవాళ్లు ఇక్కడికి రారు.

పీఏ6 పక్కన ఎస్‌టీసీ అని ఉంటుంది చూడండి, దానర్థం టర్బోచార్జర్లు (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి సిలిండర్లలోకి గాలి నెట్టేవి) వంతులవారీగా పనిచేస్తాయని. ఇంజన్‌కి రెండు టర్బోలు. సుమారు సగం లోడు వరకు ఒకటి మూసేసి, పొగంతా రెండోదాని గుండా పంపుతారు. పొగ తక్కువున్నా ఆ ఒక్కటీ గట్టిగా తిరుగుతుంది, సిలిండర్లకు గాలి సరిపడా అందుతుంది. లోడు పెరిగితే గాలి వైపు, పొగ వైపు ఉన్న ఫ్లాప్ వాల్వులు తెరుచుకుని రెండో టర్బో కలుస్తుంది. ఉపాయం బాగుంది. కానీ వారాల తరబడి నెమ్మదిగా తిరిగితే ఆ రెండో టర్బో ఊరికే పడి ఉంటుంది. పొగ వైపు ఫ్లాప్ ఇరుసు మీద మసి పేరుకుని బిగుసుకుపోతుంది. సరిగ్గా పరుగెత్తాల్సిన రోజున హ్యాండిల్ తోస్తే ఫ్లాప్ కదలదు. గాలి చాలక నల్లపొగ కక్కుతుంది, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఎగబాకుతుంది, గవర్నర్ (ఇంధనాన్ని అదుపుచేసే పరికరం) ఇంధనం కోసేస్తుంది. అందుకే ఏ ఎస్‌టీసీ ఇంజన్‌నైనా రోజుకోసారి పై లోడుకి తీసుకెళ్లి ఫ్లాపుల్ని ఆడించాలి. టర్బో మారే గీత మీదే గంటలకొద్దీ నడపకూడదు. పొరపాటున అక్కడ నిలిపితే సముద్రం కాస్త ఎగిరినప్పుడల్లా రెండో టర్బో కలుస్తూ విడిపోతూ ఉంటుంది. ఒక నాటు పెంచడమో తగ్గించడమో చేస్తే సరి.

రెండోది, నెమ్మది ప్రయాణం. ఏడెన్ సింధుశాఖలో (యెమెన్, సోమాలియా మధ్య) సముద్రపు దొంగల బెడద వల్ల వర్తక ఓడల గుంపులు కాపలాతో నడిచే కారిడార్ సుమారు 490 నాటికల్ మైళ్లు. గుంపుల వేగం 10 నుంచి 18 నాట్లు. 12 నాట్ల గుంపుతో పోతే 41 గంటల ప్రయాణం. పై లెక్క ప్రకారం 054ఏకి అక్కడ కావలసింది 2,000 కిలోవాట్లే. రెండు ఇంజన్లు నడిపితే ఒక్కోటి 18 శాతం లోడు కూడా ఉండదు. సిలిండర్ చల్లబడుతుంది, ఇంధనం పూర్తిగా కాలదు, ఇంజెక్టర్ మూతి మీద మసి గడ్డకడుతుంది, లైనర్ (సిలిండర్ లోపలి తొడుగు) గోడ అద్దంలా నున్నబడి నూనె నిలవదు, ఎగ్జాస్ట్ మానిఫోల్డులోకి జిగట నూనె చేరుతుంది. ఆ నూనె పేరుకున్నాక ఒక్కసారి లోడు పెంచితే పొగగొట్టంలో మంట అంటుకోవచ్చు. ఒకే ఇంజన్‌తో నడిపితే 35 శాతం లోడు వస్తుంది, ఇంజన్‌కి మేలు. కానీ రెండో షాఫ్టు నీటిలో ఈడ్చుకుంటూ వస్తుంది, ఓడ పక్కకి లాగుతుంటే చుక్కాని ఒక పక్కకి పట్టి ఉంచాలి. రెండింటికీ మధ్యేమార్గం: రోజూ ఒక గంట పాటు ఇంజన్‌ని 70 శాతం దాకా తీసుకెళ్లి మసి కాల్చేయడం, గుంపు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావడం. కాపలా ఓడ ఉన్నట్టుండి పరుగందుకుంటే ప్రతిసారీ సముద్రపు దొంగలే కారణం కానక్కర్లేదు.

నాలుగు ఇంజన్లతో ఒక సుఖం ఉంది. రెండు నడుస్తుంటే మిగతా రెండు ఆగే ఉంటాయి. వాల్వ్ క్లియరెన్సులు చూసుకోవడం, ఇంజెక్టర్లు మార్చడం, ఫిల్టర్లు కడగడం సముద్రం మీదే కానిచ్చేయొచ్చు. నడిచిన గంటలు నాలుగింటికీ సమానంగా పడేలా వంతులు మార్చుకోవాలి. లేకపోతే రేవుకి వచ్చేసరికి ఒకటి పెద్ద రిపేరుకి సిద్ధంగా ఉంటుంది, ఇంకోటి కొత్తదిలా ఉంటుంది.

ఇక వెచ్చని నీళ్లు. వేసవిలో ఏడెన్ దగ్గర సముద్రపు నీరే 30 డిగ్రీలు దాటుతుంది. కూలర్లలోకి వచ్చే నీరే వెచ్చగా ఉంటే, సిలిండర్లోకి పోయే గాలి చల్లబడదు. ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, కాగితం మీది 5,700 కిలోవాట్లు అక్కడ రావు. పైగా నీళ్లు లాక్కునే చోట జెల్లీఫిష్ గుంపు అడ్డుపడితే స్ట్రెయినర్ (జల్లెడ) నిమిషాల్లో మూసుకుపోతుంది. ఆగి ఆగి తిరిగే ఓడ అడుగున నాచు, బార్నకిల్స్ పట్టి, అదే 18 నాట్లకు ఎక్కువ ఇంధనం పడుతుంది.

చప్పుడు సంగతి. నాలుగు స్ట్రోకుల ఇంజన్, 16 సిలిండర్లు, నిమిషానికి 1,050 చుట్లు అనుకుందాం. సెకనుకి 140 సార్లు సిలిండర్లు పేలతాయి. అంటే 140 హెర్ట్జ్ దగ్గర, దానితోపాటు క్రాంకు తిరిగే 17.5 దగ్గర, దాని సగం 8.75 దగ్గర గీతల్లాంటి చప్పుళ్లు పుడతాయి. అవి ఇంజన్ పునాది ద్వారా ఓడ ఒంటికి, అక్కడ్నుంచి నీళ్లలోకి పోతాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ చప్పుడు నీటిలో ఎంతో దూరం పోతుంది. జలాంతర్గామిలో సోనార్ (శబ్దంతో నీటిలో వెతికే పరికరం) ముందు కూర్చున్న ఆపరేటర్‌కి అది ఓడ వేలిముద్ర. ఇంజన్‌ని రబ్బరు మౌంట్ల మీద, వాటిని మళ్లీ ఒక ఉక్కు చట్రం మీద, ఆ చట్రాన్ని మళ్లీ మౌంట్ల మీద పెట్టడం దీనికి మందు. కమోర్తాలో గేర్‌బాక్స్‌ని కూడా అలాంటి తెప్పలాంటి చట్రం మీద కూర్చోబెట్టారు. మౌంట్ల రబ్బరు ముదిరి గట్టిపడితే, లేదా ఎవరో మౌంటుకి అడ్డంగా ఒక పైపు బ్రాకెట్ వెల్డ్ చేస్తే, ఈ ఖర్చంతా గోదాట్లో పోసినట్టే. టర్బైన్ చప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీది. దాన్ని కప్పిపెట్టడం తేలిక. వేటగాడు వినే పనిలో ఉన్నప్పుడు డీజిల్‌కి ఉన్న అసలు లోటు ఇదీ.

ఆయుధాలకొస్తే, ముందు భాగంలో 32 నిలువు గొట్టాలు. వాటిలో హెచ్‌క్యూ-16 విమాన విధ్వంసక క్షిపణులు (పరిధి సుమారు 40 కిలోమీటర్లు), జలాంతర్గాముల మీదికి టార్పెడోని మోసుకుపోయే రాకెట్లు. రెండూ ఆ 32లోనే పంచుకోవాలి. ఇవి ఎక్కువైతే అవి తక్కువ. సముద్రం మీద మళ్లీ నింపుకునే వీలు లేదు. మధ్యలో ఎనిమిది వైజే-83 ఓడ విధ్వంసక క్షిపణులు, ముందు 76 మిల్లీమీటర్ల తుపాకీ, హ్యాంగర్ (హెలికాప్టర్ షెడ్డు) మీద రెండు 30 మిల్లీమీటర్ల గట్లింగ్ తుపాకులు (కట్టగా ఉన్న గొట్టాలు తిరుగుతూ పేల్చేవి).

అసలు బలహీనత అన్నానే, అది ఇక్కడుంది. హెచ్‌క్యూ-16 చివరి దశలో తనంతట తాను చూడలేదు. ఓడ మీది ఇల్యూమినేటర్ రాడార్ లక్ష్యం మీద కిరణం వేస్తే, అక్కడ్నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని పట్టుకుని పోతుంది. అలాంటి ఇల్యూమినేటర్లు నాలుగే. మాస్టు, పొగగొట్టం అడ్డొచ్చే దిశల్లో నాలుగూ ఒకేసారి పనికిరావు. ఒకే దిక్కు నుంచి ఆరేడు క్షిపణులు ఒక్కసారి వస్తే, గొట్టాల్లో 30 క్షిపణులున్నా దారి చూపే దీపాలు చాలవు. ఈ లోటు చైనాది మాత్రమే కాదు. మన శివాలిక్‌లోనూ రష్యన్ ఫ్రెగాట్ రాడార్, నాలుగు ఒరెఖ్ ఇల్యూమినేటర్లు, ష్టిల్ క్షిపణులు. 054ఏ మీదున్న 382 రాడార్, ఇల్యూమినేటర్లు, హెచ్‌క్యూ-16, అన్నిటి మూలాలూ ఆ రష్యన్ కుటుంబంలోనే ఉన్నాయి. ఒక తల్లి పిల్లలు రెండిళ్లలో పెరిగినట్టు. తేడా ఏమిటంటే, శివాలిక్‌లో ఒంటి చేతి లాంచర్ ఒక్కో క్షిపణిని ఎక్కించుకుని వదలాలి. చైనా వాళ్లు నిలువు గొట్టాలు పెట్టి ఆ ఆలస్యం తీసేశారు. నీలగిరి తరగతిలో (పైన చెప్పిన ఉదయగిరి, హిమగిరి ఈ తరగతివే) మనవాళ్లు బరాక్-8 క్షిపణులు పెట్టారు. అది చివర్లో తన రాడార్‌తో తానే చూసుకుంటుంది కాబట్టి ఇల్యూమినేటర్ల కొరత అక్కడ లేదు. నన్నడిగితే 054ఏ శివాలిక్‌కి దీటు, నీలగిరికి కాదు.

జలాంతర్గాముల వేటలో తొలి ఓడలు అంతంతమాత్రం. ముక్కులో ఉండే సోనార్ నీటి పై పొరలోనే ఉంటుంది. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీటి వల్ల పై పొర ఉప్పు తక్కువ, కింద ఎక్కువ. ఉష్ణోగ్రత కూడా లోతుకి వెళ్లేకొద్దీ ఒక్కసారి పడిపోతుంది. శబ్దం ఆ సరిహద్దు దగ్గర వంగిపోతుంది, కింద దాక్కున్న జలాంతర్గామి నీడలో ఉండిపోతుంది. అందుకే తర్వాతి ఓడల్లో వెనక నుంచి కేబుల్‌తో లోతుకి దించే సోనార్ చేర్చారు. హెలికాప్టరేమో చాలా ఓడల్లో జెడ్-9సీ, 4 టన్నుల తరగతిది. సోనార్, టార్పెడో, నిండు ఇంధనం మూడూ కలిపి మోసే సత్తా దానికి లేదు. రష్యన్ హెలికాప్టర్ కా-28 ఎక్కిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది, అవి తక్కువ.

సేవ గురించి రెండు ముక్కలు. ఏడెన్‌కి వెళ్లే చైనా దళంలో మామూలుగా రెండు యుద్ధనౌకలు, ఒక సరఫరా ఓడ. 2008 డిసెంబరులో వెళ్లిన మొదటి దళంలో 054ఏ లేదు, రెండూ డిస్ట్రాయర్లే. 2009 ఏప్రిల్‌లో రెండో దళంతో హువాంగ్‌షాన్ (570) వెళ్లింది. జూలైలో మూడో దళంలో యుద్ధనౌకలు రెండూ ఇవే, ఝౌషాన్, షూజౌ. అప్పట్నుంచి ఈ తరగతి లేని దళం అరుదు. 2011లో లిబియా నుంచి చైనీయులను తరలిస్తుంటే షూజౌ ఏడెన్ నుంచి సూయజ్ దాటి మధ్యధరాకి పోయింది. యెమెన్‌లో యుద్ధం ముదిరినప్పుడు, 2015 మార్చి 29న లిన్‌యీ (547) అక్కడి ఏడెన్ రేవులో 122 మంది చైనీయులను, మర్నాడు వేయ్‌ఫాంగ్ (550) హొదైదాలో 449 మందిని ఎక్కించుకుంది. ఏప్రిల్ 2న లిన్‌యీ మళ్లీ వెళ్లి పది దేశాల వాళ్లు 225 మందిని జిబూటీ చేర్చింది. అదే వారంలో అదే ఏడెన్ నుంచి మన ఐఎన్‌ఎస్ సుమిత్ర మనవాళ్లను తెచ్చింది. 165 మంది కోసం కట్టిన ఓడలో 449 మంది అదనంగా ఎక్కితే మంచినీరు, మరుగుదొడ్లు, హ్యాంగర్లో పరుపులు, ఇవే ఆ రోజు అసలు పరికరాలు. 2017 ఆగస్టులో జిబూటీ స్థావరం తెరిచేదాకా విడిభాగాలూ కూరగాయలూ అన్నీ సరఫరా ఓడ మీదో, ఒమన్‌లోని సలాలా లాంటి రేవుల మీదో ఆధారపడేవి.

ఇక ఫొటోలో గుర్తుపట్టడం. బ్రిడ్జి ముందు ఎత్తుగా ఎనిమిది గొట్టాల పెట్టె ఉంటే అది పాత 054. అక్కడ చదునుగా మూతలున్న వేదిక ఉంటే 054ఏ. తర్వాత హ్యాంగర్ మీది గట్లింగ్ తుపాకీ చూడండి: ఏడు గొట్టాల సన్నని మూతి అయితే తొలి విడతలు, పదకొండు గొట్టాల లావుపాటి మూతి అయితే తర్వాతివి. వెనక నుంచి తీసిన ఫొటో దొరికితే లోతుకి దించే సోనార్ పెద్ద తలుపు కనిపిస్తుంది. అదీ తర్వాతి ఓడే. పాకిస్తాన్ కొన్న నాలుగు తుగ్రిల్ తరగతి ఓడలు కూడా ఈ ఆకారమే. మొదటిది 2021 నవంబరులో చేరింది. మాస్టు మీద ఫ్రెగాట్ తరహా రాడార్ బదులు ఒకే పలకగా తిరిగే పెద్ద రాడార్, మధ్యలో మామూలు డబ్బాల బదులు లావుపాటి గొట్టాలు కనిపిస్తే అవే. అవి ధ్వనివేగాన్ని మించిన క్షిపణులవి. ఓడ ఇంకాస్త పెద్దగా, మాస్టు ఒకే ముక్కలా నున్నగా ఉండి, హ్యాంగర్ పైన గట్లింగ్ బదులు పెట్టెలాంటి క్షిపణి లాంచర్ ఉంటే అది 054బీ. సుమారు 5,000 టన్నులు. మొదటి ఓడ లువోహె (545) 2025 జనవరి 22న చింగ్‌దావోలో సేవలో చేరింది. ఓడ ఒంటి మీది నంబర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, మొదట గట్లింగ్ తుపాకీ గొట్టాలు లెక్కపెట్టండి.